మేకు వినని పాము

సోమవారం

నా ఆడపాము బంగారి పెట్టిన గుడ్లు పగిలాయి. ఇసక కుండలోంచి పిల్లల్ని ఒక్కోటీ తీసి, తుడిచి, నాపరాయి మీద వరసగా పెట్టాను. మూడో వీధి వాళ్ళూ నాలుగో వీధి వాళ్ళూ అప్పటికే వచ్చి నా గుమ్మం ముందు కూర్చున్నారు. కర్రోతు గురువులు మేకు కొడుతున్నాడంటే ఎవర్నీ పిలవనక్కర్లేదు. గనిలో ఇంకో తమాషా ఏముంది గనక.

గోడకి మేకు ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. పిల్ల తల ఎత్తితే కర్రోతు రక్తం. ఎత్తకపోతే కలుపు. కలుపుకి సున్నం కుండలో చావు. మా నాన్న ఇలాగే కొట్టాడు, మా తాత ఇలాగే కొట్టాడు. రాయి కదిలేది చెప్పే యంత్రాలు ఒక్కోటీ చచ్చిపోయి, పైన ఎండకి బతకలేక జనం ఈ మాంగనీసు గని సొరంగాలనే వీధులుగా చేసుకుని కాపురాలు పెట్టిన రోజుల్లో, మా తాత దగ్గరున్న జెర్రిపోతు తల ఎత్తి రెండో వీధిని కాపాడింది. దాని రక్తమే ఇది. అప్పటినుంచి ప్రతి గదికీ ఒక పాము, ప్రతి పాముకీ మా ఇంటి ముద్ర. ఎలుకల్ని అది తింటుంది, కప్పు కదిలితే తల ఎత్తుతుంది. మనం గొలుసు లాగి కూత పెడతాం. జనం పైకి పోతారు. ఇంతే బతుకు.

పిల్లలన్నీ దెబ్బకి తల ఎత్తాయి. ఒకడు చప్పట్లు కొట్టబోతే కసిరాను. పాములకి భజన అక్కర్లేదు.

అందరూ వెళ్ళాక ఇసక జల్లిస్తుంటే అడుగున ఇంకో గుడ్డు తగిలింది. నా చేతిలోనే పగిలింది. మిగతావి ఎండిన చోడి గడ్డి రంగులో ఉంటే ఇది మసి రంగులో ఉంది. ఒంటినిండా అడ్డచారలు. మేకు కొట్టాను. తాడుముక్కలా పడుంది. ఇంకా గట్టిగా కొట్టాను. నోరు తెరిచి ఆవులించింది.

సున్నం కుండ మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

జాలి పడ్డానని ఎవరూ అనుకోవద్దు. ఒక్క పిల్ల కలుపని తేలితే దాని తల్లికీ తోబుట్టువులకీ అదే కుండ. అది నేను పెట్టిన కట్టుబాటే. బంగారి పోతే కర్రోతు రక్తమే పోతుంది. ఇంకో ఆడది లేదు నా దగ్గర. పోయిన ఏడు పెట్టిన గుడ్లన్నీ మురిగాయి, అంతకు ముందు ఏడు పిల్లలు వంకర నడుములతో పుట్టాయి. ఈ ఏడు ఇన్ని పుట్టాయని గనంతా సంబరపడుతున్న రోజు వెళ్ళి, మా ఇంట్లో కలుపు పుట్టిందని చెప్పాలా?

నల్లపిల్లని అంబలి కుండలో వేసి, మూత మీద రాయి పెట్టి, మంచం వెనక గూట్లో దాచాను. శుక్రవారం ముద్రలు పడేదాకా ఎవరూ చూడకపోతే చాలు. తర్వాత దాని సంగతి చూస్తాను.

మంగళవారం

ఏడో వీధికి వెళ్ళాను, పాముల్ని చూడడానికి.

గనిపెద్ద గవర్రాజు తల్లి అప్పాయమ్మ ఆ వీధి చివర గదిలో ఉంటుంది. నాకు చెల్లెలి వరస. ఎక్కువ దూరం నడవలేదు. నేను వెళ్ళేసరికి అంబలి గిన్నెలో వేలు పెట్టి కెలుకుతోంది.

"సూడన్నియ్యా," అంది, "మూణ్ణాళ్ళై నా సోడంబలిలో ఇసకే. పళ్ళు నేవు కాబట్టి సరిపోయింది గాని, ఉంటే ఊడిపోను."

కప్పు వైపు లాంతరు ఎత్తాను. సన్నటి గీత ఒకటి కనిపించింది, గోడ మూలనుంచి దుంగ మీదుగా. పాతదే అనుకున్నాను. వెదురు గూట్లో పాము చుట్ట చుట్టుకుని పడుకుంది.

"నీ పాము పడుకునే ఉంది కదమ్మీ. భయం లేదు."

"అది ఎప్పుడూ తొంగునే ఉంతాది. లెగితే కదా తెల్సేది."

మాట పడడం నాకు అలవాటు లేదు. మేకు తీసి గోడకి కొట్టాను. పాము చటుక్కున తల ఎత్తి నిలబడింది. కర్రోతు పాము అలా ఉంటుంది.

"చూశావా. మెలకువగానే ఉంది."

"నువ్వు కొట్టీదాకా లెగనేదు కదన్నియ్యా," అంది అప్పాయమ్మ, గిన్నెలోంచి గులకరాయి తీసి నా అరచేతిలో పెడుతూ.

పాము కళ్ళు మబ్బు పట్టాయి, కుబుసం విడిచే ముందు పాము మందంగా ఉంటుందని చెప్పాను. గట్టిగానే చెప్పాను. తిరిగొస్తూ దారిలో గుర్తొచ్చింది, దాని కళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి.

బుధవారం

పైడమ్మ వచ్చింది. నా భార్య చెల్లెలు. పైనుంచి గాలి దిగే గాలిబిలం పక్క గదిలో ఒక్కతే ఉండి పుట్టగొడుగులు పెంచుతుంది. గని మొత్తంలో నన్ను ఎదిరించి మాట్లాడేది అదొక్కతే. బుట్ట దింపీ దింపకముందే దాని కళ్ళు గూటి మీదకి పోయాయి.

"ఏటి బావా, అంబలి కుండ మీద అంత రాయి పెట్టినావు. అంబలి లెగిసి ఎల్లిపోతాదేటి?"

"నీ పని చూసుకో."

చూసుకోలేదు. రాయి తీసేసింది. మూత తీసి, లాంతరు దగ్గరికి జరిపి లోపలికి చూసింది.

"కర్రోతోరింట నల్లపిల్ల పుట్టీసింది," అంది.

"మా ఇంట పుట్టలేదు. నీ గాలిబిలంలోంచి దూరి వచ్చింది."

"తోకకి పెంకు ముక్క ఇంకా అంటుకునుంది బావా. పెంకు ఏసుకుని దూరొచ్చిందేటి?"

గుమ్మం గోనె పట్టా కిందకి దించి, మాట బయటికి పోకుండా చెప్పాను. తండ్రి నా మగపామే, జత కట్టింది నా కళ్ళ ముందే, ఇందులో పొరపాటు జరగదని.

"మరి పోయినేటికి ముందేడు నీ బంగారి తప్పిపోలేదా? మా గదిలో, గాలిబిలం కింద దొరికింది. పక్కన పైనుంచి దిగిన నల్ల మగపాముంది. నువ్వొచ్చి కర్రతో తోలీసినావు."

"ఆ సంగతి ఎప్పటిది. ఇప్పుడు గుడ్లు ఎలా పెడుతుంది?"

"ఆడది కడుపులో ఏటి ఎన్నాళ్ళు దాసుకుంతాదో నీకేటి తెల్సు. మా అప్పతో అన్నేళ్ళు కాపరం సేసినావు, ఒక్కటైనా తెల్సిందేటి?"

అలా అని నవ్వింది. నేను నవ్వలేదు. దాని అప్ప పేరెత్తితే నేను నవ్వను.

చాలా ఏళ్ళ కిందట ఒక ఏడు కూడా ఇలాంటి ఎండలే. నాలుగో వీధిలో ఎవరో ముద్ర లేకుండా పెంచుకుంటున్న ఒక కలుపు పాము తల ఎత్తింది. అప్పట్లో కూత గొలుసు మా నాన్న చేతిలో ఉండేది. మిట్టమధ్యాహ్నం కూత పెట్టాడు. జనం పైకి పరుగెత్తారు. పొద్దుగూకేదాకా ఆ బండల మీద కూర్చున్నారు. కప్పు పడలేదు. పైనుంచి దిగేటప్పుడు ముసలివాళ్ళని, పసివాళ్ళని మోసుకొచ్చాం, ప్రాణం లేకుండా. నీలాలుని నేనే మోశాను. పైడమ్మ అప్ప. ఆ వారమే గనిలో అలా మిగిలి ఉన్న కలుపు పాములన్నిటినీ సున్నంలో వేశాను. ముద్ర ఉన్న పాములు రెండు తల ఎత్తితేనే కూత అని కట్టు పెట్టించాను.

"ఆ రోజు కప్పు పడలేదు పైడీ," అన్నాను.

"మన నెత్తి మీద పడనేదు. కింద తొమ్మిదో ఈది నీళ్ళల్లో ఉంది. అక్కడికి ఎవుడు దిగి సూసినాడు?"

ఈ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదది. నేను పుట్టగొడుగులు అక్కడ పెట్టి వెళ్ళమన్నాను. వెళుతూ నల్లపిల్ల వీపు మీద వేలితో రాసింది.

"మసిలాగుంది. మసి అనే పిలువు."

"పేరెందుకు? శుక్రవారం దాటితే సున్నంలోకి పోతుంది."

"అలాగే కానీ," అంది. నన్ను నమ్మినట్టు లేదు.

గురువారం

పొద్దున్న ఎలుకపిల్లని కుండలో వేశాను. మసి దాని వైపు చూడలేదు. కుండ పక్కలోంచి పైకి పాకి, గూటి గోడకి దవడ ఆనించి, తల నిలబెట్టి ఉంది. మిగతా పాములు తల ఎత్తితే గాల్లో ఎత్తుతాయి, మెడ ఊపుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. ఇది రాతికి అతుక్కుంది. పారిపోవడానికి దారి వెతుకుతోందనుకుని లోపలికి తోశాను. మళ్ళీ పాకింది.

అంబలి కాగేలోపు ఏడో వీధి వైపునుంచి చప్పుడు వచ్చింది. తిరగట్లో పెసలు పోసినట్టు. ఎవరో కేకేశారు, గులకరాళ్ళు రాలాయని. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అక్కడి పాము నిద్రలో ఉంది. అది మాత్రం అడిగి తెలుసుకున్నాను.

గూడు దగ్గరికి వచ్చేసరికి మసి తల దించి ఎలుకని మింగుతోంది.

ఒకసారి జరిగితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మధ్యాహ్నం మళ్ళీ గోడకి అంటుకుంది. నేను కుండ పక్కనే కూర్చున్నాను. తుక్కు వేరుదామని చోళ్ళ చేట ఒళ్ళో పెట్టుకున్నాను గాని, ఒక్క గింజ వేరలేదు. చాలాసేపు ఏమీ లేదు. పిచ్చిది అనుకున్నాను. అప్పుడు రాలాయి. ఈసారి చప్పుడు పెద్దది.

మేకు తీసుకుని మసి పక్కన గోడకి కొట్టాను. కదల్లేదు. బంగారి మాత్రం పక్క గూట్లోంచి ఠక్కున తల ఎత్తింది. గులకరాళ్ళు రాలినప్పుడు ఎత్తలేదు.

గవర్రాజు దగ్గరికి వెళ్ళాను. గాలిమర దగ్గర చేతులకి గ్రీజుతో ఉన్నాడు. మంచివాడే, కాని గనిపెద్ద అయ్యాక ప్రతి మాటకీ కట్టు అడుగుతాడు. నా దగ్గరే నేర్చుకున్నాడు.

"ఏడో వీధి ఖాళీ చేయించు," అన్నాను.

"ఏ పాము సెప్పింది మావా?"

"నా మోకాలు చెప్పింది. చలవ తేడాగా ఉంది."

"మోకాలికి ముద్ర నేదు కదా మావా."

పక్కనున్న వాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు, చేతులు తుడుచుకుని నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "పొద్దున్న గని గుమ్మం దాకా ఎల్లి సూసినాను. బండ మీద నీళ్ళు పోస్తే సుయ్యిమంటన్నాది. ఒక ఈది పడితే పక్క ఈదుల్ని లాక్కుపోతాది, తోల్తే అందర్నీ పైకే తోలాల. ఈ ఎండలో జనాన్ని తోల్తే ఏటవుతాదో నాకన్నా నీకే ఎక్కువ తెల్సు. పాము సెప్పిందను, ఇప్పుడే తోలీస్తాను. ఏ పాము?"

నా నోట్లోకి వచ్చింది. బయటికి రాలేదు. రేపే ముద్రలు.

"దుంగలు పెట్టించు," అన్నాను. ఇద్దర్ని పంపి రెండు దుంగలు పెట్టించాడు. వాడు చేయగలిగింది అదే. నేను చేయగలిగింది చేయలేదు.

శుక్రవారం (ఆదివారం కూర్చుని రాస్తున్నాను)

ముద్రల రోజు గనిలో పండగ. పొద్దెక్కేసరికి నా గుమ్మం ముందు వీధంతా నిండింది. గవర్రాజు పసుపు రంగు గిన్నె పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను మేకు కొడతాను, పిల్ల తల ఎత్తుతుంది, వాడు తోక మొదట్లో చుక్క పెడతాడు. ఒక్కటీ తప్పలేదు. ఇంత మంచి పిల్లలు నా చేతిమీదుగా పుట్టలేదని అందరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అబద్ధం ఎందుకు రాయాలి, ఛాతీ ఇంత వెడల్పైంది.

ఆఖరి చుక్క పడ్డాక సుత్తి కింద పెట్టాను. జనం మాట్లాడుకుంటున్నారు. మంచం వెనకనుంచి టకటకమని మూత చప్పుడైంది. రాయితో సహా కదులుతోంది.

గోనె పట్టా చాటుకి వెళ్ళి మూత తీశాను. మసి బాణంలా పైకొచ్చి గోడకి దవడ నొక్కింది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. చేత్తో వెనక్కి లాగితే మెలి తిరిగి మళ్ళీ గోడకే పోయింది. ముందురోజు ఇలా లేదు.

బంగారిని తెచ్చి పక్కన పెట్టాను. చుట్ట చుట్టుకుని కళ్ళ ముందే పడుకుంది. ముద్ర పడిన పిల్లల బుట్ట తెచ్చి పెట్టాను. ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకున్నాయి. మేకు కొట్టాను. అన్నీ లేచాయి. చెయ్యి ఆపాను. అన్నీ పడుకున్నాయి. మళ్ళీ కొట్టాను. లేచాయి.

నా చేతిలో మేకు బరువెక్కింది. మా తాత పాముని ఎవరూ మేకుతో లేపలేదు. అది రాతిని వింది. మేము మేకుని విన్నవాటిని ఉంచుకుని, విననివాటిని సున్నంలో వేస్తూ వచ్చాం, తరం తరవాత తరం. మేకుకి చెవి ఒగ్గే పాముల్ని తయారు చేశాం. సుత్తి దెబ్బకి ఇవి బంట్రోతుల్లా లేస్తాయి. రాయి మూలుగు వీటికి వినిపించదు. సున్నంలోకి పోయినవాటిలో ఎన్ని విన్నాయో.

నీలాలు ముఖం గుర్తొచ్చింది, బండల మీద, పెదాలు పగిలి. ఆ రోజు కలుపు పాము మాట విని కూత పెట్టారు. ఈ రోజు నేనూ అదే పని చేస్తే, కప్పు పడకపోతే, ఇంకెంతమందిని మోయాలి? ఈసారి మోయడానికి నా భుజాల్లో బలం కూడా లేదు. కూత పెట్టకపోతే ఏడో వీధి మీద కొండ ఉంది. అప్పాయమ్మ దాని కింద గిన్నెలో ఇసక ఏరుకుంటోంది.

పట్టా తీసి బయటికి వచ్చాను.

"పైడీ. గోనె పట్టాలన్నీ తడుపు. అందరిళ్ళలోవీ."

అది ఎందుకని అడగలేదు. నా ముఖం చూసింది, కొంగు దోపుకుంది, ఆడవాళ్ళని నీళ్ళ తొట్టి వైపు తోసుకుంటూ పోయింది. ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి ఆ ఒక్కసారి చెప్పలేదు.

నేను మళ్ళీ లోపలికి వెళ్ళి మంచం తలాపున ఉన్న కూత గొలుసు పట్టుకున్నాను. గవర్రాజు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. చేతిలో రంగు గిన్నె ఇంకా ఉంది, నా చొక్కా నిండా పసుపు పడింది.

"ఏటి మావా ఇది. ఏ పాము లెగిసింది?"

"అడక్కు."

"రెండు లెగాల. నువ్వే పెట్టినావు కట్టు."

"నేనే పెట్టాను. వదులు."

"మిట్టమద్దేనం మావా. మా యమ్మ ఆ ఎండలో బతకదు."

"మీ అమ్మ ఏడో వీధిలో బతకదురా."

వాడి పట్టు ఒక్క క్షణం సడలింది. లాగాను. కూత గనంతా పాకింది.

జనం అరవలేదు. కూతకి ఎలా నడవాలో చిన్నప్పుడే నేర్పుతాం. తడి గోనెలు కప్పుకుని వరసలో కదిలారు. గవర్రాజు ఏడో వీధికి పరుగెత్తి తల్లిని వీపున వేసుకొచ్చాడు. మసిని నేను చొక్కా లోపల వేసుకున్నాను. బంగారి బుట్ట, పిల్లల బుట్ట భుజాన తగిలించుకున్నాను. వాటినీ వదిలిపెట్టలేదు, రక్తం రక్తమే కదా.

పైన వెలుతురుకి కళ్ళు తెరవలేకపోయాం. పాత లారీ తూకం గోడ నీడ ఉంటే ముసలివాళ్ళని, పిల్లల్ని దాని కింద దూర్చాం. మిగతావాళ్ళం గోనెల కింద నక్కాం. గాలి పీలిస్తే ముక్కు లోపల కాలింది.

ఏమీ జరగలేదు.

గోనెలు ఆరసాగాయి. పైడమ్మ కడవతో మనిషి మనిషి దగ్గరికీ పోయి నీళ్ళు చిలకరించింది. ఎవరూ పైకి అనలేదు గాని, మూడో వీధి మనిషి ఒకడు పక్కవాడితో, "ఆ రోజూ ఇలాగే కూకున్నారంట," అన్నాడు. నాకు వినిపించేలాగే అన్నాడు. గవర్రాజు తల్లి తలని ఒళ్ళో పెట్టుకుని గోనె పట్టి ఉన్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపు కన్నా రంగు గిన్నెతో కొట్టినా బావుండేది.

అప్పాయమ్మ పెదాలు కదిలాయి. వంగి విన్నాను.

"ఇంక దిగిపోదారన్నియ్యా. నానింక ఓర్సుకోలేను."

దిగుదామా అని నోటిదాకా వచ్చింది. అప్పుడు చొక్కాలోంచి మసి జారి నేల మీద పడింది. ఆ కాలే బండ మీద. ఏ పామైనా మెలికలు తిరిగి నీడలోకి పోవాలి. ఇది పోలేదు. దవడ బండకి నొక్కింది. నేను గోనె దాని మీద కప్పి, దాని పక్కనే బోర్లా పడుకుని, నా చెంప కూడా బండకి ఆనించాను. చెంప కాలింది, ఇప్పటికీ పొక్కులున్నాయి. ఏదో వినిపించిందని అనను. పళ్ళలో తెలిసింది.

"ఎవరూ దిగొద్దు," అన్నాను.

అప్పుడు కొండ కూర్చుంది. అడుగున ఎక్కడో మొదలై మా కాళ్ళ కిందుగా పోయింది. గని గుమ్మంలోంచి ఎర్రటి దుమ్ము మేఘంలా లేచి సూర్యుణ్ణి కప్పేసింది. ఆ దుమ్ము నీడలోనే మాకు కాస్త చల్లగా అనిపించింది.

పొద్దుగూకాక దిగాం. ఆరో వీధి, ఏడో వీధి లేవు. రాయే ఉంది. పేర్లు పిలిచాం. అందరూ పలికారు.

ఆదివారం

పొద్దున్నుంచీ జనం వస్తున్నారు. బంగారి బుట్టకి పసుపు రాశారు, దండలు వేశారు. కర్రోతు రక్తం అంటే ఇదీ అని ఒకడు, మా తాతల నాటి తల్లి మళ్ళీ పుట్టిందని ఒకడు. బంగారి బుట్టలో చుట్ట చుట్టుకుని నిద్రపోతోంది. వాళ్ళకి అదే ధ్యానంలా కనిపించింది.

బంగారి లేచిందని నేను అననూ లేదు, కాదననూ లేదు. ఒక పూటంతా అలా గడిచింది. వినడానికి హాయిగానే ఉంది.

సాయంత్రం గవర్రాజు వచ్చాడు. పైడమ్మ అంబలి కాస్తోంది. వాడు నా మంచం పక్కన నేల మీద కూర్చుని, కాసేపు నా చెంప మీద పొక్కుల్ని చూశాడు.

"మా యమ్మ గెంజి తాగింది మావా. నిన్ను తిట్టింది కూడా. బతికినట్టే." ఆగి అన్నాడు, "నీ సొక్కాలోంచి పడినదాన్ని నాను సూసినాను. నల్లగా ఉంది. ముద్ర నేదు."

"లేదు."

"ఇంకెవులూ సూడనేదు. బంగారే లెగిసిందని సెప్పీ. అందరూ అదే అనుకుంతన్నారు. కలుపు పాము మాటకి కూత పెట్టినావని తెలిస్తే రేపు ప్రెతోడూ ఇంటికో పురుగుని తెచ్చి తల ఎత్తింది అంతాడు. కూత మీద నమ్మకం పోతాది. నీ పేరూ ఉంతాది, కట్టూ ఉంతాది."

వాడు చెప్పింది తప్పు కాదు. నాకు మంచిదే చెప్పాడు. బంగారి పేరు చెబితే ఇంకో రెండు తరాలు కర్రోతు పేరు ఈ గనిలో వెలుగుతుంది. ఆ తరవాత ఇంకో వీధిలో ఇంకో అప్పాయమ్మ అంబలిలో ఇసక పడుతుంది. పసుపు చుక్కలున్న పాములు పడుకునే ఉంటాయి.

"బయట ఉన్నారా జనం?" అన్నాను.

"ఉన్నారు."

మసిని చేతికి చుట్టుకుని బయటికి వెళ్ళాను. గవర్రాజు ఆపలేదు. పైడమ్మ గరిటె చేతిలోనే పట్టుకుని వెనకే వచ్చింది.

"లేచింది బంగారి కాదు," అన్నాను. "ఇది. నా కుండలో పుట్టింది, కలుపు. మేకు కొడితే లేవదు. సోమవారంనుంచీ దీన్ని అంబలి కుండలో దాచాను, నా పాములకి ముద్రలు పడాలని. గురువారమే ఇది చెప్పింది. నేను చెప్పలేదు."

ముందు వరసలో ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. పైన ఎండలో నా గురించి అన్న మూడో వీధి మనిషే అడిగాడు, "అయితే తాతా, కట్టు పెకారం తల్లికీ పిల్లలకీ సున్నమేనా?"

"కట్టు పెట్టింది నేను," అన్నాను.

లోపలికి వెళ్ళి సున్నం కుండ తెచ్చి వాళ్ళ మధ్యలో పెట్టాను. మూత తీశాను. మా తాత కొట్టిన మేకు, మా నాన్న కొట్టిన మేకు, నా మొలలో వేలాడే మేకు, మూడూ ఒక్కటే. అందులో పడేశాను. అడుక్కి చేరిన చప్పుడు కూడా రాలేదు.

నేను మేకు కొడితే గవర్రాజు పట్టుకునే రంగు గిన్నె శుక్రవారంనుంచీ గోడ పక్కనే ఉంది, వాడు దాన్ని బోర్లించేశాడు. ఇంక ఏం చేయాలో వాడికి తెలియదు. నాకూ తెలియదు. ముద్ర లేకుండా పాముని నమ్మడం మాలో ఎవరికీ రాదు, నేర్చుకోవాలి. అప్పాయమ్మని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. మసి వైపు చెయ్యి చాపింది. భయపడుతూనే చాపింది.

"బావా, అంబలి మాడతన్నాది," అంది పైడమ్మ. దానితో జనం కదిలారు.

తిన్నాక బంగారిని బుట్టలోంచి తీసి, పసుపు కడిగి, పైడమ్మ గదికి తీసుకెళ్ళాను. గాలిబిలం కింద రాయి మీద వదిలాను. పైన పొద్దు గుంకాక నల్ల మగపాములు దిగుతాయట, పైడమ్మ చెప్పింది. ఈసారి నా చేతిలో కర్ర లేదు.

బంగారి కాసేపు అలాగే పడుంది. ఎవరైనా మేకు కొడతారేమో అని ఎదురు చూసినట్టుంది. తరవాత చుట్ట విప్పుకుని బిలం వైపు పాకింది.